నిమ్మకాయల దండ, క్రషర్ బ్రేకరు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అత్త "ఫ్యాక్టరీలకు పోయి కరెంటు తీసేసి వస్తాది" అని చెప్పేది. మా కంపెనీ అచ్చు వేయించిన రంగురంగుల కరపత్రం కూడా ఇంత సూటిగా చెప్పలేదు. కర్నూలు, కడప జిల్లాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు, నూనె మిల్లులు, పత్తి మిల్లులు, బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్లు అన్నీ తిరిగి, బాగా నడుస్తున్నవాటిని ఆపించి, ఆగవలసినప్పుడు అవి ఆగుతాయా లేదా అని చూసి రావడం నా పని. రిటైరయ్యేదాకా అదే చేశాను. ఇప్పుడు కల్లూరులో ఇంట్లో కూర్చుని, మిక్సీ ప్లగ్గు పెట్టేటప్పుడు కూడా దాన్ని ఒకసారి అనుమానంగా చూస్తున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి సలహాలు అడుగుతుంటారు. ప్రమోషన్ల గురించి నన్ను అడగవద్దు. అవి ఎట్లా వస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళెవరూ ఎండలో కనిపించలేదు. టెస్టు రిపోర్టు ఎట్లా నింపాలో మీ కంపెనీవాళ్ళే నేర్పుతారు, ఆ విద్యలో వాళ్ళు మహా పండితులు. వాళ్ళు నేర్పనిది కొంత ఉంది. నాకు గుర్తున్నంతవరకు అది రాస్తున్నాను.

అసలు పని

ఫ్యాక్టరీలో ఒక పెద్ద మోటారు ఉందనుకోండి. దాని లోపల ఎక్కడో వైరు మీద పూత కాలిపోయి, కరెంటు పోకూడని దారిన పోయిందనుకోండి. రెప్పపాటులో దానికి కరెంటు కోసేయాలి. కోయకపోతే రాగి కరిగి చిమ్ముతుంది, మంట లేస్తుంది, పక్కన నిలబడిన మనిషి మనకు మిగలడు. ఈ కోసే పనికి ఇద్దరున్నారు. కరెంటును కనిపెట్టి చూస్తూ, తేడా వస్తే 'కొయ్యి' అని చెప్పేది రిలే. ఆ మాట విని నిజంగా కోసేది బ్రేకరు. రిలే చదువుకున్న పిల్ల, అద్దం వెనక కూర్చుని అంకెలు చూపిస్తూ ముద్దుగా ఉంటుంది. బ్రేకరు మోటు మనిషి. స్ప్రింగులు, లివర్లు, గ్రీజు, ఒళ్ళంతా ఇనుము.

రిలేను పరీక్షించడం సుఖమైన పని. ఫ్యాను కింద కూర్చుని, మన కిట్టుతో దానికి దొంగ కరెంటు పంపి, అది సరిగ్గా అరుస్తోందా లేదా అని చూసుకోవచ్చు. బ్రేకరును పరీక్షించాలంటే మాత్రం మిషను ఆపాలి, దుమ్ములో దూరాలి, చేతులు నల్లగా చేసుకోవాలి, మేనేజరుతో తిట్లు తినాలి. అందుకని మన వృత్తిలో శానామంది రిలేను చూసి, స్టిక్కరు అంటించి, భోజనానికి లేస్తారు. అరిచేవాడి గొంతు చూసి, పరుగెత్తేవాడి కాళ్ళు చూడకుండా రావడమన్నమాట.

బ్రేకరు ఉద్యోగం ఎట్లాంటిదో కూడా ఆలోచించండి. నెలల తరబడి ఏ పనీ లేకుండా నిలబడాలి. పిలిచిన ఆ ఒక్క క్షణంలో మాత్రం తప్పకుండా దూకాలి. అట్లాంటి ఉద్యోగంలో మనుషులే తుప్పు పట్టిపోతారు, ఇనుముకేం పాపం?

శేషాద్రి సారు

నాకు పని నేర్పింది శేషాద్రి సారు. కర్నూలు పాతబస్తీలో మా టెస్టింగు కంపెనీ ఆయనది. నోట్లో ఎప్పుడూ వక్కపొడి, ముక్కు మీద ఎప్పుడూ కోపం. జీతం పెంచమని అడిగితే చెవుడు వచ్చేది, పక్క గదిలో ఎవరైనా తప్పు కొలత చదివితే మాత్రం అదే చెవికి వినపడేది.

నంద్యాల దగ్గర ఒక నూనె మిల్లుకు ఆయన వెంట పోయాను. అక్కడివన్నీ పాతకాలపు రిలేలు. అట్లాంటి రిలే పని చేసిన ప్రతిసారీ దాని ముఖం మీద ఒక చిన్న ఎర్ర రేకు జారి పడుతుంది, ఎవరో ఒకరు వచ్చి చూసి, కారణం తెలుసుకుని, ఎత్తి పెట్టేదాకా అట్లాగే ఉంటుంది. మిల్లు మేనేజరు గొప్పగా చెప్పుకున్నాడు, ఏళ్ళ తరబడి తమ దగ్గర ఒక్క ఎర్ర రేకూ పడి కనిపించలేదని. సారుకు అనుమానం వచ్చింది. రిలేలు, బ్రేకర్లు పెట్టిన ఇనుప బీరువాలుండే ప్యానెల్ రూములో పని చేసే మనిషిని పిలిచి, "పొద్దున రాంగానే ఏం జేస్తావప్పా?" అని అడిగాడు.

"ప్యానెళ్ళు తుడుస్తా సార్. ఆ ఎర్రవి పడింటే ఎత్తి పెడతా."

"ఏమిటికి ఎత్తి పెడతావు?"

"పడింటే సూసేకి బాగుండవు గద సార్."

సారు బయటికి వచ్చి, గోడకు చెయ్యి ఆనించుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వడం అయ్యాక ముఖం మారిపోయింది. "చూడు రత్నమ్మా, మిల్లు రోజూ అరుస్తాంది. ఈయప్ప రోజూ దాని నోరు తుడుస్తాండాడు" అన్నాడు. లోపలికి పోయి మేనేజరును అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాయదగినవి కావు.

సారు దేవుడేమీ కాదు. నన్ను పంపిన చోట్ల సగం ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకు బాత్రూము లేదు. అడిగితే, "అవునా? నేనెప్పుడూ గమనించల్యా తల్లీ" అన్నాడు. ఎందుకు గమనిస్తాడు, ఆయనకు తుమ్మచెట్లు ఉన్నాయి కదా. ఆడపిల్లలు ఈ పనిలోకి వస్తే, గేటు దగ్గర ముందు బాత్రూము తాళంచెవి సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే జీపులోంచి కిట్టు దించండి. మొహమాటపడి రోజంతా నీళ్ళు తాగకుండా గడిపితే మా ఊళ్ళ ఎండకు కిడ్నీలు పోతాయి. గేటులో "ఇంజనీరు సారు యాడమ్మా?" అని అడుగుతారు. నేనైతే "వచ్చినాడప్పా, చీర కట్టుకోనొచ్చినాడు" అనేదాన్ని.

ఆపమంటే ఆపరు

మేనేజర్ల జాతి గురించి ఒక మాట. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మిషను ఆగితే పైవాళ్ళు అడుగుతారు, బ్రేకరు పడుతుందా, అంటే దూకి కరెంటు కోస్తుందా లేదా అని పైవాళ్ళెవరూ అడగరు. అందుకని మనం పోగానే కూల్ డ్రింకు ఇప్పిస్తారు. అది తాగేలోపు, "టెస్టు పండగ తర్వాత చూద్దాం, రిపోర్టు మాత్రం ఇప్పుడే ఇచ్చేయండి" అంటారు. దసరా పోతే దీపావళి, అది పోతే ఆడిటు. పంచాంగంలో మంచిరోజు లేనిది మన ఒక్కరికే.

"పోయినేడాది బాగానే ఉంది కదండీ" అనేది వాళ్ళ చివరి అస్త్రం.

"మా పక్కింటాయన కూడా పోయినేడాది బాగానే ఉన్నాడు సార్" అని నేను జవాబు చెప్పేదాన్ని. దీనికి ఎవరూ నవ్వరు. అయినా చెప్పండి.

కమలాపురం దారిలో

ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ సంగతి. పేరు చెప్పను. కమలాపురం దాటాక వచ్చే సున్నపురాయి క్వారీల పక్కన ఉండేది. అక్కడ ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ ఖాదర్‌బాషా. నన్ను "అక్కా" అని పిలిచేవాడు. నేను పోయిన రోజున వాళ్ళావిడ నాకు కూడా కలిపి క్యారియరు పంపేది. ఆమె చేసే గోంగూర మటన్ కోసం ఆ ఫ్యాక్టరీలో లేని లోపాలు వెతికి ఇంకో రోజు ఉందామా అనిపించేది.

ఖాదర్ ప్యానెల్ రూము చూడాలి మీరు. చుట్టూ సున్నపురాయి దుమ్ము. చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి. ఆ రూములో మాత్రం నేల మీద అన్నం పెట్టుకుని తినవచ్చు. చెప్పులు బయట విడవాలి. జీఎం అయినా విడవాలి. క్రషర్ బ్రేకరును, అంటే పెద్ద రాళ్ళను పిండి చేసే మిషనుకు కరెంటు ఇచ్చే బ్రేకరును, అతను "మా పెద్దాయన" అనేవాడు. తను ఉద్యోగంలో చేరిన ఏడే అది కూడా వచ్చిందట.

నేను పోయింది ఆయుధపూజ అయిన కొద్ది రోజులకు. పూజకు ముందే క్రషర్ మోటారు కాలిపోయి, కొత్తగా వైండింగు చేయించడానికి పంపారు. దాంతో పెద్దాయన పండగంతా ఖాళీగా నిలబడ్డాడు. మోటారు తిరిగి వచ్చి బిగించారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు కాగానే దాన్ని మొదటిసారి నడపాలని జీఎం మూర్తి గారి ఆత్రం. నా టెస్టింగు కూడా ఆ రోజుకే పడింది.

పొద్దున్నే రిలేను పరీక్షించాను. చక్కగా పని చేసింది. "ఇంక పెద్దాయనను చూద్దాం, తలుపు తియ్యప్పా" అన్నాను.

ఖాదర్ కదల్లేదు. ప్యానెల్ ముందు అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు చూశాను దండను. వరసగా ఉన్న ప్యానెళ్ళన్నిటి హ్యాండిళ్ళకూ కలిపి ఒకే దారంతో నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు కట్టి ఉన్నాయి.

"రిలే బాగుండాది గదక్కా. ఇంగ చాలు" అన్నాడు.

"రిలే అరుస్తాంది. నీ పెద్దాయన దూకుతాడో లేదో సూడొద్దా?"

"ఆయప్పకేమి, రాజా మాదిరి ఉండాడు. పూజకు ముందు మోటారు లేదు గదా, బయటికి లాగి, నా చేత్తో నేనే కడిగి, తుడిచి, పెండ్లికొడుకు మాదిరి జేసి పెట్టినా."

"అట్లయితే తలుపు తియ్యి, పెండ్లికొడుకును నేనూ సూస్తా."

"అమావాస్య దాకా దండ తెగగూడదక్కా."

సంగతి ఏమిటంటే, ఒక ఏడాది ఎవరో తొందరపడి ఆ దండ ముందే తెంపారట. ఆ వారంలోనే కన్వేయరు బెల్టు తెగి ఒకతని కాలు విరిగింది. అప్పటినుంచి అది ఆ ఫ్యాక్టరీలో శాసనం. బ్రేకరును మీట నొక్కి నడపాలంటే దూరంగా కంట్రోల్ రూము నుంచి నడపవచ్చు కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు. కానీ మోటారు తిరగకుండా బ్రేకరును ఒక్కదాన్నే పరీక్షించాలంటే, తలుపు తీసి దాన్ని కొంచెం బయటికి లాగాలి. వేరే దారి లేదు.

"నీకూ ఈ నమ్మకమేనా ఖాదరూ?"

"నాకేం పట్టింపు ల్యా. మా ఇంట్లో నిమ్మకాయలు పలావు మీద పిండుకునేకే. కానీ నేను దండ తెంపినంక మోటారు కాడ ఏమన్నా అయ్యిందనుకో, ఖాదరు తెంపినాడు అంటారు. నా కింద పిల్లోళ్ళు రేపట్నుంచి ఈ రూములోకి రారు. వాళ్ళకు జెప్పేకి నీకేం, నువ్వు బస్సెక్కి పోతావు."

అది నిజమే. నేను బస్సెక్కి పోతాను. వాళ్ళ మధ్య బతకాల్సింది అతను.

"సరే. మోటారు తిరిగేటప్పుడు దాని పక్కన ఎవరు నిలబడేది?"

"నేనే. ఇంకెవురు నిలబడతారు? వైండింగు జేసొచ్చిన మోటారు మొదటిసారి తిరిగేటప్పుడు చెవి పెట్టి ఇనల్ల, వాసన సూడల్ల, చెయ్యి పెట్టి సూడల్ల. కంట్రోల్ రూములో కూసోనుంటే తెలుస్తాదా?"

"అప్పుడు మోటారు లోపల ఏమన్నా పేలిందంటే, ఈయప్ప దూకల్ల. దూకకుంటే?"

ఖాదర్ నా ముఖంలోకి చూడకుండా నిమ్మకాయలను చూశాడు. "దూకుతాడక్కా. నన్ను మోసం జేయడు" అన్నాడు.

తలుపు

అంతలో మూర్తి గారు వచ్చారు, చెప్పులు విడిచి, మేజోళ్ళతో. ఆయనది కోస్తా. మనిషి మర్యాదస్తుడే, తొందర ఒక్కటే రోగం. క్రషర్ ఆగి రాయి గుట్ట తరిగిపోతోందని, సర్టిఫికెట్ మీద సంతకం చేస్తే భోజనం తర్వాత మోటారు నడుపుతామని అన్నారు. బ్రేకరు చూడకుండా సంతకం చేయనన్నాను.

"రిలే ఓకే అని మీరే అన్నారు కదమ్మా."

"రిలే ఓకే అని రాసి ఇస్తాను సార్. బ్రేకరు సంగతి నాకు తెలియదు అని దాని కిందే రాస్తాను."

"మీ శేషాద్రి గారికి ఫోన్ చేస్తాను."

"చేయండి. ఇది ఆయన భోజనానికి ముందు కునుకు తీసే టైము. నిద్ర లేపినవాళ్ళతో ఆయన ఏం మాట్లాడతాడో నాకూ వినాలని ఉంది."

మూర్తి గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఖాదర్ నేల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. ఇటు నేను, అటు అతని కింద పని చేసే పిల్లలు, నడుమ జీఎం. నాకు అతని మీద జాలి, కోపం రెండూ వచ్చాయి. పదేపదే ఒకటే కనిపిస్తోంది కళ్ళ ముందు: ఈ మనిషి మోటారు మీదికి వంగి చెవి పెట్టి ఉంటాడు, ఏదో పేలుతుంది, ఈ ఇనుప పెట్టె ఉలకదు పలకదు. వాళ్ళావిడ క్యారియరు సర్దుతూ ఉంటుంది.

తలుపునే చూస్తూ నిలబడ్డాను. దండ కట్టింది హ్యాండిల్ వైపు. తలుపు కీళ్ళు రెండో వైపు. ఒక్కో కీలుకూ రెండేసి బోల్టులు.

"ఖాదరూ, దండ తెగగూడదు. అంతే గదా రూలు? తలుపు తియ్యగూడదని లేదు గదా?"

"దండ తెగకుండా తలుపు ఎట్ల తీస్తావక్కా?"

"స్పానరు తెప్పియ్యి."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం నిండా నవ్వాడు. ఇద్దరు ఫిట్టర్లను పిలిచి, కీళ్ళ బోల్టులన్నీ విప్పించాడు. తలుపును మెల్లగా పక్కకు జరిపి, గడియ నాలుకను ఫ్రేములోంచి తప్పించి, దండతో సహా అట్లాగే ముందుకు ఎత్తి పట్టుకున్నారు ఇద్దరూ. ఒక్క నిమ్మకాయ కూడా రాలలేదు. పెళ్ళిలో పెళ్ళికూతురికీ పెళ్ళికొడుకుకూ నడుమ అడ్డుతెర పట్టుకున్నట్టు ఉంది. గుమ్మం దగ్గర గుమిగూడిన కుర్రవాళ్ళు ఈలలు వేశారు.

"ఇదేం పద్ధతండీ?" అన్నారు మూర్తి గారు.

"ఆగమశాస్త్రం సార్" అన్నాను.

రంగు

లోపల పెద్దాయన వెండిలా మెరిసిపోతున్నాడు. ఖాదర్ చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు. అంత పాత బ్రేకరును అంత అందంగా నేను ఎక్కడా చూడలేదు, ఆ మాటే పైకి అన్నాను కూడా. ఖాదర్ పొంగిపోయాడు.

మోటారుకు కరెంటు పోకుండా బ్రేకరును కొంచెం బయటికి లాగాం. మీట నొక్కితే కరెంటు దారిని కలుపుతూ ధడ్ మని బిగుసుకుంది. ఇంక నా కిట్టుతో రిలేకు దొంగ కరెంటు పంపాను. రిలే మీద ఎర్రలైటు వెలిగింది. 'కొయ్యి' అని చెప్పేసింది.

బ్రేకరు కదల్లేదు.

లోపలినుంచి జుమ్మని ఒక మోత మాత్రం వచ్చింది. బ్రేకరును దూకించే కాయిలు అది, చిన్న రాగి చుట్ట. కడ్డీని తోయాలని చూస్తోంది, తోయలేకపోతోంది. వెంటనే వార్నిషు కాలిన వాసన వచ్చింది. "ఫ్యూజు లాగు ఖాదరూ!" అని అరిచాను. అతను లాగేసరికే కాయిలు మాడిపోయింది.

ఖాదర్ ముందుకు వచ్చి, చేత్తో విడిపించే ఎర్ర బటన్‌ను బొటనవేలితో నొక్కాడు. అది దిగలేదు. రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. ముఖం ఎర్రబడేదాకా నొక్కాడు. తర్వాత టార్చి వేసి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు. నేనూ చూశాను. కాయిలు తోయవలసిన కడ్డీ, అది కొట్టవలసిన లివరు, రెండూ వెండి రంగు కింద ఒకటే ముద్దయి ఉన్నాయి. రంగు ఎండి గట్టిపడి రాయి అయింది.

"నేనే అక్కా" అన్నాడు ఖాదర్. "ఈ సందులోకి బ్రష్షు పోల్యా. పండగ పూట ఆడ మాత్రం నల్లగా ఉంటే ఏం బాగుంటాదని, పుల్లకు గుడ్డ సుట్టి, అద్ది అద్ది పూసినా."

నిర్లక్ష్యాన్ని తిట్టడం నాకు బాగా వచ్చు, ఆ విషయంలో శేషాద్రి సారు శిష్యురాలిని. ప్రేమతో చేసినదాన్ని ఎట్లా తిట్టాలో తెలియలేదు. అతని పక్కన నేల మీద కూర్చున్నాను. తలుపు పట్టుకున్న ఫిట్టర్లలో ఒకడు, "అన్నా, దీన్ని కింద పెట్టొచ్చునా, చేతులు గుంజుతాండాయి" అన్నాడు. దండ లాగకుండా ఉన్నచోటే మెల్లగా దింపమన్నాను.

మూర్తి గారే తేరుకున్నారు. "ఇవాళ్టికి మోటారు నడిపేద్దాం. ఇది రేపు బాగు చేసుకోవచ్చు. ఒక్క రోజులో ఏమవుతుంది?"

"ఏమీ కాదు సార్. ఖాదరు బదులు మోటారు పక్కన మీరు నిలబడండి" అన్నాను.

ఆయన మేజోళ్ళ వైపు చూసుకుని, "రేపు పొద్దున నడుపుదాం లెండి" అని వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమంతా ఖాదర్, నేను కలిసి థిన్నరుతో, పాత టూత్‌బ్రష్షులతో, పిన్నీసులతో ఆ రంగు గీకాం. స్టోర్సులోంచి కొత్త కాయిలు తెచ్చి వేశాం. పొద్దు వాలకముందే రిలే అరవడం, పెద్దాయన దూకడం, రెండూ ఒకేసారి అయ్యాయి. ఆ శబ్దానికి గుమ్మంలో ఉన్న కుర్రవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఖాదర్‌కు చాలలేదు. మళ్ళీ అన్నాడు, మళ్ళీ అన్నాడు, "ఇంగొక్కసారి అక్కా" అంటూనే ఉన్నాడు. "చాలప్పా, అరిగిపోతాడు మీ పెద్దాయన" అంటే అప్పుడు ఆపాడు. తలుపు మళ్ళీ కీళ్ళకు బిగించారు. దండ దండలాగే ఉంది. నేను సంతకం చేశాను.

కాబట్టి పిల్లలూ, ఫ్యాక్టరీలో ఏదైనా కొత్తగా మెరుస్తోందంటే ముందు దాన్ని అనుమానించండి. దసరాకు ముందు టెస్టు చేసి దసరా తర్వాత నిశ్చింతగా ఉండకండి. మన ఊళ్ళల్లో పండగంటే రంగు, రంగంటే ఎవరి చెయ్యి ఎక్కడిదాకా పోయిందో దేవుడికే తెలియాలి. ఎవరి నమ్మకాన్నీ ఎగతాళి చేసి తలుపు తెరిపించాలని చూడకండి, దానికి కీళ్ళు ఏ వైపు ఉన్నాయో చూడండి. శుభ్రంగా ఉంచేవాళ్ళను మెచ్చుకోండి, కానీ వాళ్ళ మాట మీద సంతకం చేయకండి. ఇది నాకు ఇష్టమైనవాళ్ళ విషయంలోనే కష్టమైంది. మీకూ అవుతుంది.

ఫోను

మర్నాడు పొద్దున కడప బస్టాండులో ఉన్నాను. ఇంకో ఫ్యాక్టరీకి పోవాలి. కిట్టు పెట్టెను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. మూర్తి గారు ఫోన్ చేశారు. మర్యాదంతా పోయింది, అరుస్తున్నారు.

"ఏమ్మా, ఏం టెస్టింగ్ చేశారు మీరు? ఇప్పుడే మోటారు నడిపాం, నిమిషం కూడా తిరగలేదు, మీ బ్రేకరు పడిపోయింది!"

"మోటారు దగ్గర ఏమైంది సార్?"

"కేబులు కలిపే బాక్సులో ఏదో పేలింది, మూత ఊడి ఎగిరి అవతల పడింది. అది వేరే సంగతి. ఇన్నేళ్ళలో మోటారు ఆన్ చేయగానే ఒక్కసారి కూడా పడని బ్రేకరు, మీరు వచ్చి కెలికిన మర్నాడే పడిందంటే ఏమనుకోవాలి? నాకు రాతపూర్వకంగా జవాబు కావాలి."

మూత ఊడి ఎగిరింది. ఆ బాక్సు ఉండేది మోటారు పక్కనే. ఖాదర్ నిలబడేదీ అక్కడే.

"సార్, ఖాదరు?"

"ఏంటి?"

"ఖాదరు ఎట్లున్నాడు సార్?"

"ఎట్లున్నాడేంటమ్మా! క్రషర్ ఆగిపోయి, రాయి లేక, నేనిక్కడ తల బాదుకుంటుంటే, మీ ఖాదరు క్యాంటీన్ మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు!"

బస్టాండు నిండా జనం. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను, నవ్వాను, రెండింటిలో ఏది ముందో చెప్పలేను. పక్కన కూర్చున్న ముసలామె, "ఎవురన్నా పోయినారా తల్లీ?" అని నా వీపు నిమిరింది. కాదని తల ఊపాను.

మూర్తి గారు అవతల ఇంకా అరుస్తూనే ఉన్నారు. "వింటున్నారా? టీ తాగుతున్నాడండీ!"

"తాగనివ్వండి సార్" అన్నాను.